నిండు చేపను ఇంట్లో కాల్చుకోవడం ఎలా: రాంనగర్ మార్కెట్ నుంచి పళ్ళెం దాకా

మొదటిసారి నేను నిండు చేపను ఓవెన్‌లో పెట్టినప్పుడు ట్రేకి తోలు అతుక్కుపోయింది. తోలు లేని చేప విడిగా చేతికొచ్చింది. ముల్లు దగ్గర మాంసం ఇంకా గులాబీ రంగులో, పచ్చిగానే ఉంది. మసాలాకి మాత్రం ఏ లోటూ చేయలేదు. అల్లం వెల్లుల్లి, పెరుగు, నిమ్మరసం, కారం దట్టంగా పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. తప్పు సరిగ్గా అక్కడే జరిగిందని తెలియడానికి ఇంకో నాలుగైదు చేపలు ఖర్చయ్యాయి.

పులుసు తిని పెరిగిన ఇళ్లు మనవి. చేప అనగానే ధ్యాసంతా పులుపు మీదికి, మసాలా మీదికి పోతుంది. కాల్చే చేపకు వాటికంటే ముందు చూసుకోవాల్సింది తడి. తోలు మీద తడి, కడుపులో తడి, మసాలాలో తడి. ఈ మూడూ తగ్గితే చేప కాలుతుంది, లేదంటే ఉడుకుతుంది. ఉడికిన చేపే కావాలంటే హాయిగా పులుసు పెట్టుకోవచ్చు, ఇంత తంటా ఎందుకు?

కింద చెప్పేదంతా మామూలు 30 లీటర్ల ఓటీజీలో, అంటే ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో చేసే పద్ధతి. ఓటీజీ లేనివాళ్లు మూకుడులోనూ, బొగ్గుల మీదా ఎలా కాల్చుకోవచ్చో చివర్లో రాశాను. మసాలా దాకా అందరికీ పని ఒకటే.

ఏ చేప కొనాలి

కాల్చడానికి నా ఓటు పండుగప్పకే. తోలు మందంగా ఉంటుంది, మాంసం పొరలు పొరలుగా విడుతుంది, నడిమి ముల్లు, పక్కటెముకలు తప్ప సన్నముళ్ల గొడవ పెద్దగా ఉండదు. సముద్రంలోనూ, ఉప్పుటేళ్లలోనూ, మంచినీళ్లలోనూ బతికే చేప ఇది. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచుతారు కాబట్టి హైదరాబాద్‌లో దొరకడం కష్టం కాదు. 800 గ్రాముల నుంచి కిలో మధ్యలో ఉన్నది తీసుకోండి. కిలో దాటితే మన ఓటీజీలో పట్టదు. కొనడానికి వెళ్లే ముందే ట్రేని ఈ మూల నుంచి ఆ మూలకు టేపుతో కొలుచుకోండి. ఈ సైజు పండుగప్ప తలా తోకా కలిపితే అడుగు దాటిపోతుంది. మరీ పట్టకపోతే తోక రెక్క కత్తిరించొచ్చు కానీ తల మాత్రం తీయకండి. తల ఉంటేనే లోపలి రసం నిలుస్తుంది. పైగా మా ఇంట్లో తల మా అమ్మది, అది లేకుండా వెళ్తే ఇంట్లోకి రానివ్వదు.

చందువ కూడా బాగుంటుంది. బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి తొందరగా, అంతటా ఒకేలా కాలుతుంది. మనిషికి ఒకటి చొప్పున 300, 350 గ్రాములవి సరిపోతాయి. ధరే ఎక్కువ. చూడ్డానికి అలాగే ఉండే రూప్‌చంద్ చెరువు చేప, చవక, మాంసం కాస్త ముతక, ముళ్లు చందువకంటే ఎక్కువ. పిల్లలు తినేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు అరకిలో తిలాపియాతో మొదలుపెడితే చెడిపోయినా జేబుకి పెద్ద దెబ్బ తగలదు.

రవ్వ, బొచ్చె మాత్రం కాల్చడానికి వద్దంటాను. రుచి లేక కాదు. వాటి మాంసం నిండా రెండు కొనలు చీలిన సన్నముళ్లు ఉంటాయి. పులుసులో ముక్క చిన్నది కాబట్టి వేళ్లతో తడిమి తీసుకుంటాం, నిండు చేపలో ఆ వెతుకులాటకే అన్నం చల్లారిపోతుంది.

ఇక కొరమీను. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన చేప, మార్కెట్లో తొట్లలో బతికుండగానే అమ్ముతారు. పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి తక్కువ నీళ్లలోనూ బతుకుతుంది. ముళ్లు తక్కువ, మాంసం గట్టి. అయినా కొవ్వు తక్కువ కావడంతో ఓవెన్‌లో రెండు నిమిషాలు ఎక్కువైతే చెక్కలా ఎండిపోతుంది. అంత డబ్బు పోసి కొన్న కొరమీనును నేనైతే పులుసుకే పంపిస్తాను.

ఎప్పుడు, ఎక్కడ

రాంనగర్ చేపల మార్కెట్‌కి ఆదివారం వెళ్లాలంటే పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటితే అడుగు పెట్టే సందుండదు. బేగంబజార్‌ వైపు ఉండేవాళ్లకు అక్కడి మార్కెట్ ఉంది. జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిర కార్తె నాడు మాత్రం ఏ మార్కెట్ వైపూ చూడకండి. ఆ రోజు చేప తినాలని ఊరు ఊరంతా బజార్ల మీద పడుతుంది, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం వచ్చే జనం సంగతి సరేసరి. ధర పెరుగుతుంది, శుభ్రం చేసేవాళ్లకు నిలబడి మాట్లాడే తీరిక ఉండదు. నిండు చేప కోసం వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడక తప్పదు.

ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజుల్లో కనిపించే చందువ ఎక్కడిదో, ఎన్నాళ్లు ఐసులో ఉందో అడిగి కొనండి. అసలే సముద్రం మనకు రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైనే. ఆ రోజుల్లో నేను చెరువు పండుగప్పతోనే సరిపెట్టుకుంటాను.

తాజాదనం చూడ్డానికి మొప్ప ఎత్తి రంగు చూడటం అందరికీ తెలుసు. రంగు చూసి ఊరుకోకుండా ముక్కు దగ్గర పెట్టి వాసన కూడా చూడండి. తాజా చేప మొప్పల దగ్గర నీళ్ల వాసన, నాచు వాసన వస్తుంది కానీ ఘాటుగా ముక్కుకి కొట్టదు. కన్ను ఉబ్బి, నల్లగా మెరవాలి. లోపలికి పోయి పాలు కారినట్టుంటే వదిలేయండి. వేలితో నొక్కితే పడ్డ సొట్ట మళ్లీ లేవాలి. కడుపు మెత్తగా జారినట్టుంటే లోపల పేగులు పాడవడం మొదలైందన్నమాట.

శుభ్రం చేయించడం

మన దగ్గర చేప చేతికిచ్చిన మరుక్షణం కత్తిపీట మీద టక టక ముక్కలైపోతుంది. అలవాటు అలాంటిది. మా ఇంటి దగ్గర ఒక దుకాణంలో డబ్బులిచ్చి ఫోన్ చూసుకునేలోపు నా చేప ఎనిమిది ముక్కలైంది. ఆ రోజూ పులుసే. అందుకే కత్తి లేవక ముందే చెప్పాలి. రాంనగర్‌లో నేను ఎప్పుడూ వెళ్లే మనిషితో మొదటిసారి జరిగిన మాటలివి:

"ముక్కలు ఎంత సైజు కొట్టాలె సార్?"

"ముక్కలు వద్దన్నా, నిండుగనే ఉంచు. పొలుసు తియ్యి, కడుపు సాఫ్ చెయ్యి, మొప్పలు తీసెయ్యి. తల ఉండాలె."

"తందూరీకా?"

"ఇంట్లనే, ఓవెన్ల పెడ్త."

"గట్లయితే కడుపు చిన్నగనే కోస్త. ఎక్కువ కోస్తే లోపల పెట్టిందంత బయటికొస్తది."

ఈ చివరి మాట నాకు ఏ వంట వీడియోలోనూ దొరకలేదు. అప్పటి నుంచి నేనే ముందుగా అడుగుతున్నాను.

చేదు తిత్తి పగలకుండా తీయమని కూడా చెప్పండి. పచ్చరంగులో ఉండే ఆ చిన్న తిత్తి పగిలిందంటే దాని చేదు కడుపు గోడలకు అంటుకుంటుంది, తర్వాత ఎంత కడిగినా పూర్తిగా పోదు.

ఇంటికొచ్చాక మూడు చోట్ల చూసుకోండి. ఒకటి, కడుపు లోపల నడిమి ముల్లు వెంబడి నల్లటి ఎరుపులో రక్తం గడ్డ ఉంటుంది. దాని పైన ఉన్న పలుచని పొరను గోటితో చీల్చి, పాత టూత్‌బ్రష్‌తో కుళాయి కింద రుద్దండి. నీచు వాసనలో చాలా భాగం దీనిదే. రెండు, కడుపు గోడలకు నల్లటి పొర ఉంటే గీకేయండి. మూడు, తల కింద, రెక్కల మొదట్లో మిగిలిపోయిన పొలుసులు. కళ్లకు కనిపించవు, తోక నుంచి తల వైపు వేలు పోనిస్తే గరగరా తగులుతాయి.

సముద్రపు చేప నీచుకీ, చెరువు చేప మట్టి వాసనకీ కారణాలు వేరు. సముద్రపు చేప చచ్చాక దాని ఒంట్లో తయారయ్యే ట్రైమిథైలమైన్ వల్ల నీచు వస్తుంది. చెరువు చేపలో మట్టి వాసనకు కారణం నీళ్లలోని నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్. తొలకరి వాన పడ్డప్పుడు నేల నుంచి వచ్చే కమ్మటి వాసన కూడా ఈ జియోస్మిన్‌దే, చేపలో వస్తే మాత్రం భరించలేం. ఈ రెండింటికీ పులుపే మందు. గుప్పెడు రాళ్లుప్పు, అర చెంచా పసుపు, పల్చటి చింతపండు రసం కలిపి చేపకు లోపలా బయటా రుద్ది, ఐదు నిమిషాలు ఉంచి కడిగేయండి. అంతకుమించి నానబెట్టొద్దు.

ఆరబెట్టడం

ఈ ఒక్క పని సరిగ్గా జరిగితే మిగతావాటిలో చిన్న చిన్న పొరపాట్లు చేసినా చేప కాపాడుతుంది.

నీళ్లు ఆవిరైపోయేదాకా తడి తోలు వేడి 100 డిగ్రీలు దాటదు. ఓవెన్‌లో 220 పెట్టినా సరే, తోలు మీద తడి ఉన్నంతసేపు అక్కడ ఆవిరి పట్టడమే జరుగుతుంది, కాల్పు కాదు. ఈలోపు తోలు జిగురై జాలికి అతుక్కుంటుంది. కరకరలాడే తోలు కావాలంటే తడిని ఓవెన్ బయటే వదిలించాలి.

కడిగిన చేపను పాత కాటన్ గుడ్డతో బాగా అద్దండి. కడుపులోకి గుడ్డ దూర్చి అద్దండి, మొప్పలు తీసిన బొరియల్లో కూడా. తర్వాత గాట్లు పెట్టండి. పదునైన కత్తితో, వీపు నుంచి కడుపు వైపు ఏటవాలుగా, రెండు సెంటీమీటర్లకు ఒకటి, ఒక్కో వైపు నాలుగు. వీపు దగ్గర ముల్లుకి కాస్త పైదాకా దిగాలి, కడుపు దగ్గరికొచ్చేసరికి తేలిపోవాలి. కడుపు గోడ పల్చన, అక్కడ లోతుగా కోస్తే ఓవెన్‌లో విచ్చుకుపోతుంది. తల వెనక ఉండే మందమైన చోట గాటు తప్పనిసరి. పచ్చిగా మిగిలిపోయేది ఎప్పుడూ అక్కడే.

ఇప్పుడు ఉప్పు. శుభ్రం చేసిన చేప 800 గ్రాములుంటే రెండు టీస్పూన్ల మెత్తటి ఉప్పు, అంటే సుమారు 12 గ్రాములు. ఇదే మొత్తం ఉప్పు, మసాలాలో మళ్లీ వేయకండి. గాట్లలో, కడుపులో, తోలు మీద రాసి 20 నిమిషాలు పక్కన పెట్టండి. తోలు మీద ముత్యాల్లా నీళ్లు తేలతాయి. వాటిని మళ్లీ గుడ్డతో అద్దేయండి. తర్వాత స్టీలు జాలి మీద పెట్టి, కింద పళ్ళెం ఉంచి, మూత లేకుండా ఫ్రిజ్ అన్నిటికన్నా కింది అరలో గంట నుంచి రెండు గంటలు ఉంచండి. పాలు, పెరుగు గిన్నెలకు గట్టి మూతలు పెట్టడం మర్చిపోవద్దు.

ఈ దశలో మా అమ్మ ఒకసారి ఫ్రిజ్ తెరిచి చూసి, "మంచి చేపను పులుసు పెట్టుకోక గిట్ల ఎండబెడ్తవేందిరా" అంది. చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

రెండు గంటల తర్వాత తోలు మీద వేలు పెడితే జారకూడదు. కాస్త బంకగా, కాగితంలా తగలాలి. అలా ఉందంటే సగం పని అయిపోయినట్టే.

మసాలా

నా మొదటి చేపను పాడు చేసింది పచ్చి మసాలా. అల్లంలో మాంసాన్ని మెత్తబరిచే ఎంజైము ఉంటుంది, నిమ్మరసం పులుపు మాంసాన్ని పైపైన తెల్లబరుస్తుంది. మేక మాంసానికి రాత్రంతా నానబెట్టడం మేలు చేస్తుందేమో కానీ చేప అంత తట్టుకోదు, పొద్దున్నకి పిండిలా అయిపోతుంది. పెరుగు వేస్తే నీళ్లు కూడా దాంతో పాటే వస్తాయి. అందుకే మసాలాను ముందే నూనెలో వేయించి, నీళ్లు పోగొట్టి, చివర్లో పట్టించడం నాకు కుదిరిన పద్ధతి.

800 గ్రాముల చేపకు కావాల్సినవి:

వేరుశనగ నూనె 3 టేబుల్ స్పూన్లు
అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర టేబుల్ స్పూన్లు (అల్లం కంటే వెల్లుల్లి ఎక్కువ)
కారం 2 టీస్పూన్లు, రంగు కావాలంటే కశ్మీరీ కారం మరో టీస్పూన్
పసుపు పావు టీస్పూన్
ధనియాల పొడి 1 టీస్పూన్, వేయించిన జీలకర్ర పొడి అర టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్
వేయించిన శనగపిండి 1 టేబుల్ స్పూన్
చిక్కటి చింతపండు గుజ్జు 2 టీస్పూన్లు
కడుపులోకి: పుదీనా, కొత్తిమీర గుప్పెడు, చీల్చిన పచ్చిమిర్చి మూడు, బిర్యానీకి వేయించినట్టు ఎర్రగా వేయించిన ఉల్లిపాయ ఒకటి

చిన్న మూకుడులో నూనె వేడి చేసి, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించండి. మొదట చిటపట గట్టిగా వస్తుంది, అది నీళ్ల చప్పుడు. ఆ చప్పుడు తగ్గి, అంచుల్లో నూనె తేలగానే స్టవ్ ఆపేయండి. స్టవ్ ఆపాకే కారం, పొడులు వేయండి. మంట మీద వేస్తే కారం ఇక్కడే సగం మాడి, ఓవెన్‌లో మిగతా సగం మాడి చేదెక్కుతుంది. శనగపిండి, చింతపండు గుజ్జు కలిపాక ముద్ద గోరింటాకులా ఉండాలి. చేతిలో పెట్టుకుంటే జారదు, వేలితో అద్దితే అంటుకుంటుంది. పల్చగా ఉంటే ఇంకో అరచెంచా శనగపిండి వేయండి. పూర్తిగా చల్లారనివ్వండి.

చల్లారిన ముద్దలో ముప్పావు వంతు గాట్లలోకి, కడుపులోకి పోవాలి. తోలు మీద పల్చగా, తోలు కనిపించేంతే. హోటల్ తందూరీలా మందంగా పూయాలని చేయి లాగుతుంది. ఆగండి, పైన మందంగా పూసింది మాడుతుంది, దాని కింద తోలు మెత్తగా మిగిలిపోతుంది.

కడుపులో ఆకులు, వేయించిన ఉల్లి వదులుగా పెట్టండి. కుక్కితే వేడి లోపలికి పోదు. పచ్చి ఉల్లిపాయ, టమాటా పెట్టకండి, ఇంత కష్టపడి తీసిన నీళ్లను మళ్లీ మనమే లోపల పోసినట్టవుతుంది. నిమ్మ చక్రాలు ఫొటోకి బాగుంటాయి కానీ ఆ వేడికి తొక్క చేదు మాంసంలోకి దిగుతుంది. నిమ్మకాయ వడ్డించేటప్పుడు పిండుకుంటే చాలు. మసాలా పట్టించాక అరగంట మించి ఉంచొద్దు, ఆ అరగంటలో ఓవెన్ వేడెక్కుతుంది.

ఓవెన్‌లో

పైనా కిందా రెండు రాడ్లూ వేసి 220 డిగ్రీల దగ్గర పెట్టి, కనీసం 15 నిమిషాలు ఖాళీగా వేడి చేయండి. లైటు ఆరగానే వేడెక్కిందనుకోవద్దు. గాలి వేడెక్కి ఉంటుంది, గోడలు ఇంకా ఎక్కవు, తలుపు తీయగానే వేడంతా పోతుంది. జాలి కూడా లోపలే ఉంచి వేడి చేయండి. ఓటీజీని ఏసీకి వాడే పెద్ద సాకెట్‌కే పెట్టండి. దాని పక్కనే గీజర్ కూడా వేసి ఫ్యూజు ఎగరగొట్టుకున్న అనుభవంతో చెబుతున్నాను.

చేపను జాలి మీద పెట్టాలి, ట్రేలో కాదు. ట్రేలో పెడితే కారిన రసంలో కింది వైపు ఉడుకుతుంది. కాబట్టి మధ్య అరలో జాలి, దాని కింది అరలో ఫాయిల్ పరిచిన ట్రే. కాగిన జాలికి నూనెలో ముంచిన గుడ్డను పట్టకారుతో పట్టుకుని రుద్ది, చేపకు కూడా రెండు వైపులా నూనె రాసి, ఒక్కసారే పెట్టేయండి. పెట్టాక అటూ ఇటూ జరపకండి. తోకకు మాత్రం చిన్న ఫాయిల్ ముక్క చుట్టండి, లేకపోతే పది నిమిషాల్లో బొగ్గవుతుంది. చేపంతా ఫాయిల్‌లో చుట్టమనే సలహా వింటుంటాం. చుడితే అది ఆవిరి చేప. పైగా చింతపండు, నిమ్మ పులుపుకి అల్యూమినియం కరుగుతుంది. చుట్టాల్సి వస్తే ముందు అరటాకులో చుట్టి, ఆ పైన ఫాయిల్ చుట్టండి.

టైం చేప బరువును బట్టి కాదు, మందాన్ని బట్టి చూడాలి. పడుకోబెట్టిన చేప అన్నిటికంటే మందంగా ఉన్న చోట స్కేలు నిలబెట్టి కొలవండి. అంగుళానికి పది నిమిషాలు. 800 గ్రాముల పండుగప్ప ఇంచుమించు రెండు అంగుళాలుంటుంది, అంటే 20 నిమిషాలు. మన ఓటీజీల వేడి నిలకడగా ఉండదు కాబట్టి ఇంకో రెండు నుంచి ఐదు నిమిషాలు కలుపుకోండి. చందువకు 12 నుంచి 15 నిమిషాలు చాలు.

చేపను తిప్పకండి. తిప్పేటప్పుడే తోలు చిరుగుతుంది, తల ఊడుతుంది. 15వ నిమిషంలో ఒక్కసారి తలుపు తీసి, గిన్నెలో మిగిలిన మసాలా నూనెను చెంచాతో పైన పోసి వెంటనే మూసేయండి. చివరి మూడు నిమిషాలు పై రాడ్ ఒక్కటే ఉంచి అక్కడే నిలబడండి. తోలు బుడగలు లేచి, గాట్ల అంచులు నల్లగా మారడం మొదలుకాగానే ఆపాలి. ఆ మూడు నిమిషాల్లో ఎవరు ఫోన్ చేసినా ఎత్తకండి.

అయిందో లేదో చూడ్డానికి నేను ముందు వీపు రెక్కను పట్టుకుని లాగుతాను. తేలిగ్గా ఊడివస్తే అయినట్టు, పట్టుకుని ఉంటే ఇంకా కావాలి. తర్వాత తల వెనక గాటులో కత్తి మొన దించి, ముల్లు దగ్గర మాంసాన్ని కాస్త పక్కకు నెడతాను. గాజులా మెరిస్తే పచ్చి, పాలలా తెల్లగా ఉండి ముల్లు నుంచి విడితే అయింది. వంట థర్మామీటర్ ఉంటే అక్కడే గుచ్చండి, 63 డిగ్రీలు రావాలి. తోలు అయిపోయి లోపల కాకపోతే కింది రాడ్ ఒక్కటే ఉంచి నాలుగు నిమిషాలు ఇవ్వండి. తీశాక ఐదు నిమిషాలు ఆగాలి, వెంటనే కోస్తే రసమంతా పళ్ళెంలోకి కారుతుంది.

ఓటీజీ లేకపోతే

మందపాటి ఇనప మూకుడు లేదా పాత కుక్కర్ చాలు. అడుగున అంగుళం మందాన రాళ్లుప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, గట్టి మూతతో పెద్ద మంట మీద 15 నిమిషాలు వేడి చేయండి. కుక్కర్‌ అయితే గ్యాస్కెట్, విజిల్ తీసేయాలి. నాన్‌స్టిక్ గిన్నెలు ఈ పనికి అసలు పనికిరావు, ఖాళీగా అంత వేడి చేస్తే పూత పాడవుతుంది. చందువ, తిలాపియా లాంటి చిన్న చేపను పళ్ళెంలో కాకుండా జాలి మీద పెట్టి, మధ్యస్థం మంట మీద 20 నిమిషాలు. మూతను గుడ్డతో చుట్టి పెడితే ఆవిరి చుక్కలు చేప మీద పడవు. గుడ్డ అంచులు పైకి మడిచి కట్టండి, మంట అంటుకోకుండా. తోలు ఓవెన్‌లో అంత కరకరలాడదు. చివర్లో కాగిన పెనం మీద నూనె వేసి ఒక్కో వైపు నిమిషం చూపిస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

మేడ మీద చోటున్నవాళ్లు బొగ్గులతో చేసుకోవచ్చు. చేపను బిగించి పట్టే రెండు పలకల జాలి ఒకటి కొనుక్కోండి, అది లేకుండా బొగ్గుల మీద నిండు చేపను తిప్పడం సాధ్యం కాదు. మంట లేస్తున్నప్పుడు కాదు, బొగ్గులు ఎర్రగా కాలి పైన బూడిద పొర పట్టాక పెట్టాలి. ఒక్కో వైపు పది నుంచి పన్నెండు నిమిషాలు. వానొచ్చిందని కుంపటిని గదిలోకి మాత్రం తేకండి, మూసిన గదిలో బొగ్గు వాయువు ప్రాణం తీస్తుంది.

ఎయిర్ ఫ్రయర్‌లో చిన్న చందువ బాగా వస్తుంది, 190 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు. అంతకంటే పెద్ద చేప అందులో పట్టదు.

వడ్డించడం

నిండు చేపను చూసి చుట్టాలు చేయి పెట్టడానికి మొహమాటపడతారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు కాబట్టి. మీరే విప్పి పెట్టండి. తల వెనక అడ్డంగా ఒక గాటు, తోక దగ్గర ఒక గాటు. వీపు వెంబడి కత్తి మొన పోనివ్వండి. ఇక చేప పక్క మధ్యలో తల నుంచి తోక దాకా కనిపించే గీత మీద అట్లకాడ అంచు దించితే మాంసం రెండుగా విడిపోతుంది. పై సగాన్ని వీపు వైపు, కింది సగాన్ని కడుపు వైపు తోయండి. ఇప్పుడు నడిమి ముల్లు మొత్తం పైకి కనిపిస్తుంది. తోక పట్టుకుని మెల్లగా ఎత్తితే ముల్లు, దాంతో పాటు తలా ఒక్కసారే లేచివస్తాయి. సరిగ్గా కాలిన చేపలో ముల్లుకి ఏమీ అంటుకోదు. అంటుకుంటే తొందరపడి తీశారన్నమాట.

కడుపు వైపు సన్నటి పక్కటెముకలు మిగులుతాయి. పిల్లలకూ పెద్దవాళ్లకూ వీపు భాగం వడ్డించి, కడుపు భాగం ముళ్లు తీయడం వచ్చినవాళ్లకు పెట్టండి. రుచి కడుపు దగ్గరే ఎక్కువ, వాళ్లకేం నష్టం లేదు. కన్ను కింద చెంపలో రూపాయి బిళ్లంత మాంసం ఉంటుంది, అది వండినవాళ్ల హక్కు అని నేననుకునేవాణ్ణి. తలతో పాటు అది కూడా అమ్మ పళ్ళెంలోకి పోతోంది.

పక్కన ఏముండాలన్నది మీ ఇష్టం కానీ పప్పుచారు, అన్నంతో ఈ చేపకు కుదిరినట్టు దేనితోనూ కుదరదు. రాత్రి పూటైతే జొన్న రొట్టె, నిలువుగా తరిగిన ఉల్లిపాయ, నిమ్మకాయ. కెచప్ బల్ల మీదకు తేకండి.

మిగిలితే

రెండు గంటల్లోపు ముళ్లు తీసి, మాంసం విడిగా డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, మర్నాటికి వాడేయండి. ఓవెన్‌లో మళ్లీ వేడి చేస్తే పీచులా ఎండుతుంది. మా ఇంట్లో మర్నాడు అమ్మ ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, అందులో ఈ మాంసం చిదిమి వేసి పొరటు చేస్తుంది. ఉప్పు వేయదు, చేపలో ఉన్నదే సరిపోతుంది. ముళ్లను ఆ రాత్రే పేపర్‌లో చుట్టి బయట పడేయాలి, పొద్దున్న చెత్త బండి వచ్చేదాకా ఆగితే వీధిలో పిల్లులన్నీ గుమ్మం ముందే ఉంటాయి. ఓటీజీ వాసన పోవడానికి జాలి, ట్రే వేడి నీళ్లలో నానబెట్టి, లోపల ఒక గిన్నెలో నీళ్లు, పిండేసిన నిమ్మ తొక్కలు పెట్టి పావుగంట వేడి చేసి, చల్లారాక తుడిచేయండి. ఇది బద్ధకించి ఒకసారి అలాగే పిల్లల కేకు పెట్టాను. ఆ కేకు నేను ఒక్కణ్ణే తిన్నాను.